అనంతపురం దుమ్ముకు ఏ ఎయిర్ ఫిల్టర్: కాగితమా, కాటనా? – ప్రాజెక్టు డైరీ

పని ఇది. 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి రోజూ అనంతపురం నుంచి తాడిపత్రికి వెళ్ళి వస్తుంది. పోను సుమారు 60 కిలోమీటర్లు, రాను అంతే. దాంట్లో ముందు 6,000 కిలోమీటర్లు మామూలు కాగితం ఫిల్టర్, తర్వాత 6,000 కిలోమీటర్లు కడిగి వాడుకునే నూనె కాటన్ ఫిల్టర్ పెట్టి చూడాలి. ఏది ఎంత గాలి వదులుతోంది, ఏది ఎంత దుమ్ము లోపలికి పంపుతోంది, కడగడంలో ఎక్కడ తప్పు జరుగుతోంది, ఖర్చు ఎంత. పక్కన 1.3 లీటర్ డీజిల్ సెడాన్ కూడా ఉంది. దానికి కాటన్ ఎందుకు పెట్టలేదో కిందన వస్తుంది.

ఈ దారిలో దుమ్ము ఒక్క రకం కాదు. అనంతపురం చుట్టుపక్కల ఎర్రమట్టి. అందులో ఇసుక పాలు, అంటే క్వార్ట్జ్, ఎక్కువ. మోస్ స్కేలు మీద దాని గట్టిదనం 7. తాడిపత్రి దగ్గరపడితే బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్లపొడి. అది సున్నపురాయి, గట్టిదనం 3. ఈ రెంటి పని వేరు. తెల్లపొడి ముఖం పొడరంత మెత్తగా ఉండి ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తుంది, కానీ సిలిండర్ గోడను పెద్దగా గీకదు. ఎర్రమట్టిలోని ఇసుక రేణువు ఫిల్టర్‌ను అంతగా మూయదు, దాటి లోపలికి పోయిందంటే మాత్రం పిస్టన్ రింగులను అరగదీస్తుంది. ఫిల్టర్ నల్లగానో తెల్లగానో కనబడితే భయపడే జనం, పైకి శుభ్రంగా ఉండి పక్కనుంచి ఇసుక వదిలే ఫిల్టర్‌ను పట్టించుకోరు.

ఓడోమీటర్ 41,200 – పాతది విప్పడం

ఫిల్టర్ కూర్చునే డబ్బా తెరిచే ముందు దాని మూత, చుట్టుపక్కలంతా తడిగుడ్డతో తుడవాలి. లేకపోతే మూత అంచు మీద పేరుకున్న మట్టి, ఫిల్టర్ ఎత్తగానే శుభ్రమైన వైపు, అంటే ఇంజిన్‌కు గాలి పోయే వైపు, రాలుతుంది. ఇంజిన్ చల్లగా ఉండాలి. వేడి మీద క్లిప్పులు లాగితే ప్లాస్టిక్ చెవులు వంగుతాయి.

డబ్బా అడుగున చారెడు శెనక్కాయ పొట్టు, రెండు వేపాకులు, ఒక తూనీగ. ఇవన్నీ దుమ్ము వైపే, కంగారు లేదు. కంగారు పడాల్సింది మూత లోపల కనిపించింది. తెల్లటి బనియన్ గుడ్డ వేలికి చుట్టి శుభ్రమైన వైపు తుడిస్తే మూడు వైపులా గుడ్డ తెల్లగానే వచ్చింది. వెనక ఎడమ మూల మాత్రం గోధుమరంగు చార.

కారణం ఫిల్టర్ కాదు. ఈ రకం డబ్బా మూతకు వెనకవైపు రెండు కొక్కేలు ఉంటాయి. ముందు వాటిని కింది డబ్బా గాడుల్లో దూర్చి, ఆ తర్వాతే ముందరి క్లిప్పులు వేయాలి. వెనక కొక్కెం గాడిలో పడకపోయినా ముందరి క్లిప్పులు హాయిగా పడిపోతాయి. పైనుంచి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. వెనక 2 మిల్లీమీటర్ల సందు. ఆ సందు దొరికితే గాలి ఫిల్టర్‌లోంచి పోదు, సందులోంచే పోతుంది. ఐదు వేల రూపాయల ఫిల్టర్ పెట్టినా అంతే. షెడ్డులో ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేశామని చెప్పి కారు ఇస్తే, ముందు వెనక కొక్కేల కింద వేలు పెట్టి చూసుకోండి.

అదే రోజు – కొలతలు

మూడు ఫిల్టర్లు బల్ల మీద పెట్టాం: కంపెనీ కాగితం, బజారులో సగం ధరకు దొరికిన కాగితం, కాటన్. మడతలు లెక్కపెట్టడానికి స్కెచ్ పెన్నుతో పదేసి మడతలకు ఒక గుర్తు పెట్టుకుంటే తప్పు రాదు.

కంపెనీ కాగితం: 48 మడతలు, మడత ఎత్తు 30 మి.మీ., పొడవు 170 మి.మీ. ప్రతి మడతకూ రెండు ముఖాలు కాబట్టి 48 × 30 × 2 × 170. వచ్చేది సుమారు 0.49 చదరపు మీటర్లు. చవక కాగితం పైకి అచ్చం అలాగే ఉంది. 34 మడతలే. విస్తీర్ణం 0.35. దాదాపు మూడో వంతు కాగితం మిగుల్చుకున్నారు. దాని అంచు రబ్బరు గోరుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మంచి అంచు వెంటనే పైకి లేస్తుంది. దీన్ని ఇక్కడితో పక్కన పడేశాం.

కాటన్: 22 మడతలు, ఎత్తు 22, పొడవు 165. విస్తీర్ణం 0.16 చదరపు మీటర్లే, కంపెనీ కాగితంలో మూడో వంతు. అయినా గాలి బాగా వదలడానికి కారణం దాని అల్లిక. రెండు అల్యూమినియం జాలీల మధ్య పలచటి నూలు గుడ్డ పొరలు ఉంటాయి. పోగుల మధ్య కంతలు కాగితంలోకన్నా పెద్దవి. ఆ కంతల్లోంచి పోయే దుమ్మును పోగుల మీది జిగట నూనె పట్టుకోవాలి. అంటే అక్కడ వడపోసేది గుడ్డ ఒక్కటే కాదు, గుడ్డా నూనే కలిసి. నూనె ఆరిపోయిన కాటన్ ఫిల్టర్ అంటే ఊరికే జల్లెడ.

తూకం వేసే వంటింటి కాంటా ఒక గ్రాము వరకు చూపిస్తే చాలు. కంపెనీ కాగితం 182 గ్రాములు. కొత్త కాటన్, ఫ్యాక్టరీ నూనెతో, 331 గ్రాములు. ఈ 331 అనే అంకెను ఫ్రేము మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసిపెట్టాం. రాయకపోతే ఏమవుతుందో 53,250 దగ్గర తెలిసింది.

కాగితం తూకంలో ఒక మెలిక ఉంది. కాగితం గాల్లో తేమ పీల్చుకుంటుంది. వాన పడ్డ రోజు తూచితే ఒకటి రెండు గ్రాములు ఎక్కువ చూపుతుంది. దుమ్మే గ్రాముల్లో ఉన్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు. కాబట్టి ప్రతిసారీ మధ్యాహ్నం ఎండలో కారు డిక్కీలో గంటసేపు ఉంచి తూచడం పెట్టుకున్నాం.

41,230 – నీళ్ళ గొట్టం

ఫిల్టర్ ఎంత అడ్డం పడుతోందో తెలియాలంటే దానికి ముందు, తర్వాత పీడనంలో తేడా కొలవాలి. దానికి యంత్రం అక్కరలేదు. 6 మి.మీ. పారదర్శక గొట్టం మూడు మీటర్లు, ఒక చెక్క, ఒక స్కేలు, నీలిమందు కలిపిన నీళ్ళు చాలు. గొట్టాన్ని చెక్క మీద యూ ఆకారంలో బిగించి సగం వరకు నీళ్ళు పోయాలి. ఒక కొస డబ్బాలో దుమ్ము వైపుకు, రెండో కొస శుభ్రమైన వైపుకు. రెండు కాళ్ళలో నీటి మట్టాల తేడాయే ఫిల్టర్ అడ్డంకి.

అసలు డబ్బాకు కంత పెట్టకండి. గుజిరీలో అదే మోడల్ డబ్బా దొరుకుతుంది. దానికి 4 మి.మీ. కంతలు రెండు పెట్టి, ఇత్తడి నిప్పిల్‌ను లోపలి గోడకు సమంగా ఎపాక్సీతో అతికించాలి. నిప్పిల్ లోపలికి పొడుచుకొస్తే గాలి వేగం రీడింగును చెడగొడుతుంది. డ్రిల్లు చేసిన ప్లాస్టిక్ తురుము శుభ్రమైన వైపు మిగలకుండా డబ్బా కడిగి ఆరబెట్టాలి. అది ఇంజిన్‌లోకే పోతుంది.

మొదటిసారి తప్పు ఇక్కడే జరిగింది. గొట్టం కాళ్ళు 30 సెంటీమీటర్లే పెట్టాం. గుంతలో కారు ఎగరగానే నీళ్ళు ఎగిరి గొట్టం పైదాకా వచ్చాయి, ఇంకొంచెం అయితే డబ్బాలోకే. కాళ్ళు మీటరుకు పెంచి, శుభ్రమైన వైపు దారిలో ఖాళీ మందు సీసా ఒకటి మధ్యలో పెట్టాం, నీళ్ళు వచ్చినా అందులో పడేలా. ఊగుడు తగ్గడానికి గొట్టంలో చిన్న దూది ఉండ. రీడింగు డ్రైవరు చూడకూడదు. పక్కనున్నవాళ్ళు ఫోనులో వీడియో తీసి తర్వాత ఆపి చూసుకోవాలి.

నిలబడి రేజ్ చేస్తే ఏమీ కనబడదు. రెండో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 5,500 ఆర్పీఎం వరకు, ఖాళీ రోడ్డు మీద. మూడుసార్లు తీసి మధ్యది రాసుకోవాలి.

కొత్త కంపెనీ కాగితం: 42 మి.మీ. నీళ్ళు. కొత్త కాటన్, అదే రోజు అదే రోడ్డు మీద: 36.

6 మిల్లీమీటర్ల తేడా. ఇది ఎంత శక్తో లెక్క వేయండి. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి పీడనం నీటి మట్టంలో చెబితే సుమారు 9,930 మి.మీ. అందులో 6 అంటే 0.06 శాతం. 82 బీహెచ్‌పీ ఇంజిన్‌లో అది ఒక బీహెచ్‌పీలో ఇరవయ్యో వంతు. అదే గాలి 30 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు వేడెక్కితే సాంద్రత దాదాపు 4 శాతం పడిపోతుంది, సుమారు మూడు బీహెచ్‌పీ. ఏప్రిల్ మధ్యాహ్నం లాక్కునేదాంట్లో అరవయ్యో వంతు కాటన్ తిరిగి ఇస్తోంది. కాటన్ పెట్టాక బండి ఎగిరిపోతోంది అనేవాళ్ళకు వినబడేది ఎక్కువగా శబ్దమే. కంతలు పెద్దవి కావడంతో గాలి పీల్చే గుర్రుమనే చప్పుడు కొంచెం పెరుగుతుంది. చెవికి అది బలంలా తోస్తుంది.

47,200 – కాగితం, 6,000 కిలోమీటర్ల తర్వాత

ఫిబ్రవరి మధ్య నుంచి ఏప్రిల్ చివరి దాకా నడిచింది. మధ్యలో ఫిల్టర్ డబ్బా ఒక్కసారి కూడా తెరవలేదు, గాలి కొట్టలేదు. అది కావాలనే.

తూకం 191 గ్రాములు, అంటే 9 గ్రాముల దుమ్ము. నీళ్ళ గొట్టం రీడింగు 42 నుంచి 55. ఫిల్టర్ల పరీక్షకు వాడే ఐఎస్ఓ 5011 పద్ధతిలో మామూలుగా మొదటి రీడింగు మీద 2.5 కిలోపాస్కల్స్, అంటే దాదాపు 255 మి.మీ. పెరిగేదాకా దుమ్ము పోస్తూ పోతారు. ఇక్కడ పెరిగింది 13. పైకి చూస్తే ముందరి ముఖం ఎర్రగా, మడతల అంచులు తెల్లపొడితో నిండి, చూసినవాళ్ళు వెంటనే మార్చెయ్యండి అనేలా ఉంది. రంగు చూసి ఫిల్టర్ చచ్చిందనడం ఎంత పొరపాటో ఈ 13 చెబుతోంది.

పైగా ఆ పొర పనికొచ్చేది. కొత్త కాగితం మొదట్లో కొంచెం ఎక్కువ సన్నరేణువులు వదులుతుంది. దుమ్ము పొర కట్టాక ఆ పొరే రెండో జల్లెడ అవుతుంది. నెలకోసారి పంక్చర్ షాపులో బుస్సుమని గాలి కొట్టించేవాళ్ళు నెలనెలా ఆ పొరను తీసేసి మళ్ళీ మొదటికొస్తారు. అంతటితో ఆగితే బాగానే ఉండేది. ఆ కంప్రెసర్‌లో 100 పీఎస్ఐ పైనే ఉంటుంది. గన్ను కాగితానికి ఆనించి కొడితే కంటికి కనబడని చిల్లులు పడతాయి. దుమ్ము వైపు నుంచి కొడితే ఇసుక కాగితంలోకి దిగబడుతుంది. ఇంకో సంగతి: కొన్ని జపాన్ మోడళ్ళలో కాగితానికి ఫ్యాక్టరీలోనే పలచగా నూనె పట్టించి ఉంటుంది, తాకితే వేలికి జిడ్డు తగులుతుంది. దానికి గాలి అసలే కొట్టకూడదు.

తప్పనిసరైతే 30 పీఎస్ఐకి తగ్గించి, ఒక అడుగు దూరం నుంచి, శుభ్రమైన వైపు నుంచి దుమ్ము వైపుకు. ఆ తర్వాత చీకటి గదిలో ఒకవైపు ఫోను లైటు పెట్టి ప్రతి మడతా తెరిచి చూడాలి. సూదిమొనంత వెలుగు చుక్క కనిపించిందా, ఆ ఫిల్టర్ చెత్తబుట్టకే. దీనికంటే నేల మీద పేపరు పరిచి దుమ్ము ముఖం కిందికి పెట్టి నాలుగు దెబ్బలు తట్టడం నయం. పొట్టు, ఆకులు రాలతాయి, పొర ఉంటుంది.

మైలేజీ కూడా రాశాం. కొత్త ఫిల్టర్‌తో 18.1, 6,000 తర్వాత 18.0. ట్యాంకు నింపడంలో వచ్చే తేడా కన్నా తక్కువ. ఇందులో వింతేమీ లేదు. అమెరికాలో ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబొరేటరీ 2009లో ప్రచురించిన పరీక్షల్లో కూడా, ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ కార్లలో ఫిల్టర్ బాగా మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గట్టు మారలేదు. పికప్ మాత్రం తగ్గింది. పెట్రోల్ బండిలో గాలి దారికి, యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే థ్రాటిల్ తలుపే పెద్ద అడ్డం. ఫిల్టర్ కొంచెం మూసుకుంటే కాలు ఆ తలుపును ఇంకొంచెం తెరుస్తుంది, అంతే. కార్బొరేటర్ రోజుల్లో గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువై మైలేజీ నిజంగానే పడేది. ఫిల్టర్ శుభ్రం చేస్తే మైలేజీ పెరుగుతుందన్న మాట అప్పటిది, ఇంకా వదల్లేదు.

47,250 – కాటన్ బిగింపు

అంచు మందం కాగితం దానికంటే ఒక మిల్లీమీటరు తక్కువ. మూత బిగుసుకున్నా పట్టు గట్టిగా లేదు. పరీక్ష సులభం. అంచు మీద చాక్‌పీస్ పొడి రుద్ది, మూత మూసి, క్లిప్పులు వేసి తెరవాలి. మూత లోపలి గాడి పొడవునా తెల్లగీత తెగకుండా అంటాలి. ఇక్కడ వెనక ఎడమ మూల నాలుగు వేళ్ళ మేర గీత లేదు. మళ్ళీ అదే మూల! కొక్కెం ఈసారి సరిగ్గానే పడింది, డబ్బాయే అక్కడ కొంచెం వంగి ఉంది. కాగితం ఫిల్టర్ మెత్తటి మందపాటి అంచు ఆ వంకరను సర్దుకుంది, కాటన్ ఫిల్టర్ గట్టి అంచు సర్దుకోలేదు. అంచు చుట్టూ పలచగా గ్రీజు పూసి పెట్టాం. పొడి తుడవడం మరిచిపోకండి.

శుభ్రమైన వైపు గొట్టంలో, థ్రాటిల్ బాడీకి ముందు, అగ్గిపెట్టె వెడల్పున వాజలీన్ కూడా పలచగా పూశాం. ఫిల్టర్ దాటి వచ్చిన ఇసుక దానికి అంటుకుంటుంది. కాగితం ఉన్నప్పుడు కూడా ఇదే పెట్టి 500 కిలోమీటర్లకు చూశాం. కొక్కెం సరిచేశాక ఒక్క రేణువు లేదు.

47,750 – వాజలీన్ చూడడం

వాజలీన్‌ను తెల్లగుడ్డతో తీసి రెండు వేళ్ళ మధ్య రుద్దితే కరకర లేదు. పెద్ద ఇసుక రావడం లేదు, గ్రీజు పనిచేస్తోంది. కానీ గుడ్డ మీద లేత ఎరుపు పొర ఉంది.

ఇక్కడ జాగ్రత్త. ఈ ఫిల్టర్ నూనె రంగు ఎరుపు, మన మట్టి రంగూ ఎరుపే. గుడ్డ మీద ఎర్రగా ఉంటే నూనె కొట్టుకొచ్చిందా, మట్టి దాటిందా? గుడ్డను చిన్న గిన్నెలో పెట్రోలులో ముంచి పిండాలి, ఆరుబయట, మంటకు దూరంగా. నూనె రంగు పెట్రోలులో కరిగిపోతుంది. మట్టి కరగదు, గిన్నె అడుగున పేరుతుంది. కొంత రంగు పోయింది, కానీ గిన్నె అడుగున వేలితో గీస్తే కనబడేంత సన్నటి మట్టి మిగిలింది. రెండూ వస్తున్నాయన్నమాట. క్లీనర్‌తో పాటు నీలం నూనె వచ్చే కిట్లు కూడా ఉన్నాయి. ఎర్రమట్టి ఊళ్ళవాళ్ళు కాటన్ కొంటే నీలం అడిగి తీసుకోవడం మంచిది. నూనె ఉందో లేదో, ఉన్న ఎరుపు ఎవరిదో తేల్చుకునే బాధ తప్పుతుంది.

ఈ సన్నమట్టి ఎంత అన్న లెక్క ఇలా. 10,000 కిలోమీటర్లకు 18 మైలేజీతో సుమారు 556 లీటర్ల పెట్రోలు, బరువులో 411 కిలోలు. ఒక కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి. మొత్తం 6,040 కిలోల గాలి, ఇక్కడి సాంద్రతకు దాదాపు 5,400 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఒక్క మిల్లీగ్రాము దుమ్మే అనుకున్నా ఫిల్టర్ ముందుకు వచ్చేది 5.4 గ్రాములు. 99 శాతం ఆపే ఫిల్టర్ 54 మిల్లీగ్రాములు వదులుతుంది. 97 శాతం ఆపేది 162. అట్టపెట్టెల మీద 99, 97 పక్కపక్కన చూస్తే రెండు శాతం తేడాలా ఉంటుంది. ఇంజిన్ లోపలి నుంచి చూస్తే మూడింతలు. ఆపిన శాతం చూడకండి, వదిలిన శాతం చూడండి. మన కాగితం 6,000 కిలోమీటర్లలోనే 9 గ్రాములు పట్టింది కాబట్టి ఈ దారి దుమ్ము మిల్లీగ్రాము కన్నా ఎక్కువే, దాదాపు మూడు.

1969లో కాలిఫోర్నియాలో మొదలైన కె అండ్ ఎన్ లాంటి కంపెనీలు ఈ నూనె కాటన్‌కు పేరు తెచ్చాయి. పందేల బండ్లలో అది నప్పుతుంది. వాటి ఇంజిన్‌ను ఎలాగూ తరచూ విప్పుతారు, ఎంతసేపూ పూర్తి థ్రాటిల్‌లోనే ఉంటాయి. రెండు లక్షల కిలోమీటర్లు విప్పకుండా నడవాల్సిన ఇంటి కారు లెక్క వేరు.

53,250 – కడగడం

కాటన్ మే నుంచి జులై దాకా నడిచింది, మధ్యలో గాలి కాలం. అందుకే కాగితం తూకంతో దీని తూకం పోల్చడం లేదు. దుమ్మూ వేరు, నూనె కొంత ఆవిరీ అవుతుంది. నీళ్ళ గొట్టం మాత్రం 36 నుంచి 51కి వచ్చింది. కాటన్ కాగితం కంటే చాలా నెమ్మదిగా మూసుకుంటుందన్న మాట ఇక్కడ నిలబడలేదు. విస్తీర్ణం మూడో వంతే కదా.

కడిగే తీరు. ముందు మెత్తటి బ్రష్షుతో మడతల పొడవునా. తర్వాత కిట్టులోని క్లీనర్ రెండు వైపులా కొట్టి పది నిమిషాలు. ఎండలో పెట్టకూడదు, ఆరిపోతే మురికి అక్కడే గట్టిపడుతుంది. ఆ తర్వాత కుళాయి సన్నధారతో శుభ్రమైన వైపు నుంచి దుమ్ము వైపుకు. బండి కడిగే ప్రెషర్ గన్ను పెడితే పోగులు జరిగి కంతలు పెరుగుతాయి. పెట్రోలు, కిరోసిన్, బట్టల సబ్బు వద్దు. అంచు రబ్బరు ఉబ్బుతుంది, సబ్బు జిడ్డు నూనెను పట్టనివ్వదు.

బోరు నీళ్ళతో కడిగితే ఆరాక జాలీ మీద తెల్లమరకలు వచ్చాయి. ఉప్పు నీళ్ళు, ఇంకేం వస్తాయి. రెండోసారి కడిగి చివర్లో రెండు లీటర్ల క్యాన్ నీళ్ళు పోశాక పోయాయి. ఆ ఉప్పు పోగుల మీద ఉండిపోతే నూనె సమంగా పాకదు.

ఆరబెట్టడంలో ఇంకో తప్పు. గాలి బాగా ఉంది కదా అని మిద్దె మీద పెట్టాం. రెండు గంటల్లో ఆరింది. తడి గుడ్డ మీద, అదీ శుభ్రమైన వైపు, ఎర్రదుమ్ము పలచగా పరుచుకుంది. మళ్ళీ మొదటి నుంచి. గదిలో, పలుచటి ధోవతి గుడ్డ కింద, రాత్రంతా. హెయిర్ డ్రయ్యర్ వద్దు, కంప్రెసర్ గాలి అసలే వద్దు. ఆరిందని తేల్చుకోవడానికి గంట తేడాతో రెండుసార్లు తూచాలి. రెండూ ఒకటైతేనే ఆరినట్టు. ఇక్కడ 305 దగ్గర ఆగింది.

అంటే నూనె 26 గ్రాములు పట్టాలి, 331 రావాలి. మార్కర్ అంకె లేకపోతే ఇది తెలిసేది కాదు. మొదట కంటితో చూసి పట్టించాం. ఎక్కడా తెల్లచోటు లేకుండా ఎర్రగా వచ్చేదాకా స్ప్రే చేసి తూచితే 353. దాదాపు రెట్టింపు నూనె! నూనె పోగుల్లోకి పాకడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు ఆగకుండా తెల్లచోట్ల మీద మళ్ళీ కొట్టడమే తప్పు. సరైన తీరు: దుమ్ము వైపు ప్రతి మడతకూ ఒక్క గీత, ఆపు, ఇరవై నిమిషాలు, తూచు, తెల్లగా మిగిలిన చోటే చుక్క. ఎక్కువైనదాన్ని టిష్యూ కాగితాల మధ్య రాత్రంతా ఉంచితే 334కి దిగింది. అది చాలు.

డీజిల్ కారు సంగతి

దీనికి పెట్టకపోవడానికి కారణం ఆ నూనే. ఈ డీజిల్‌లో ఫిల్టర్ డబ్బా దాటగానే మాఫ్ సెన్సర్ ఉంది. వేడెక్కించిన సన్నటి పొర మీదుగా గాలి పోతుంటే అది ఎంత చల్లబడిందో చూసి గాలి కొలుస్తుంది. దాని మీద నూనె తుంపర పడి, ఆ జిడ్డుకు దుమ్ము అంటితే కొలత తప్పుతుంది. కారు లోపాలు చదివే స్కానర్‌లో పీ0101 అనే లోపం కోడ్ వస్తుంది, లేదా కోడ్ రాకుండానే లాగడం తగ్గుతుంది. 353 గ్రాముల కాటన్ పెట్టి ఉంటే అదే జరిగేది. జరిగితే మాఫ్ క్లీనర్ అని రాసి ఉన్న స్ప్రేయే వాడాలి, వేలు గానీ దూది గానీ తగలకూడదు. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో ఉన్నది మ్యాప్ సెన్సర్, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పీడనం కొలుస్తుంది. దానికి ఈ గండం చాలా తక్కువ. మీ కారులో ఏది ఉందో తెలియాలంటే డబ్బాకూ థ్రాటిల్ లేదా టర్బోకూ మధ్య గొట్టం చూడండి. దాని మీద వైర్ల కనెక్టర్‌తో చిన్న ముక్క బిగించి ఉంటే ఎక్కువసార్లు అది మాఫే.

డీజిల్‌కు ఇంకో రెండు మాటలు. థ్రాటిల్ అడ్డం లేదు కాబట్టి ఫిల్టర్ మూసుకుంటే నేరుగా గాలి తగ్గి పొగ పెరుగుతుంది. దాటిన ఇసుక ముందు తగిలేది టర్బో రెక్కలకు.

లెక్క

ఈ ప్రాజెక్టులో పెట్టిన ధరలు: కంపెనీ కాగితం 350, కాటన్ 5,000, క్లీనర్, నూనె కిట్టు 1,800. ఈ దుమ్ములో కాగితం 10,000కి మార్చినా, కాటన్‌కు పెట్టిన 6,800తో 19 కాగితాలు వస్తాయి, అంటే 1,90,000 కిలోమీటర్లు. అప్పటికి కిట్టు మళ్ళీ కొనాల్సి వచ్చి ఉంటుంది. కడిగిన రోజు కారు ఆగుతుంది, ఆగకూడదంటే ఒక కాగితం దగ్గర పెట్టుకోవాలి. అయితే అదే వాడెయ్యొచ్చు కదా. కాగితం ఒక్కటి 2,000 దాటే పెద్ద కార్లలో మూడు నాలుగు మార్పులకే లెక్క తిరగబడుతుంది. అలాంటి కారు ఉండి, 44వ నంబర్ జాతీయ రహదారి మీదే ఎక్కువ తిరిగి, కాంటా పెట్టి నూనె తూచే ఓపిక ఉంటే కాటన్ తప్పు కాదు. వారంటీలో ఉన్న బండికి మాత్రం పుస్తకం చదివి, సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా అడిగి పెట్టండి.

53,300 – ఇప్పుడు ఉన్నది

హ్యాచ్‌బ్యాక్‌లో కంపెనీ కాగితం, 184 గ్రాములు, రీడింగు 43. వంగిన డబ్బా తీసేసి గుజిరీ డబ్బానే ఉంచాం, నిప్పిల్ రెంటికీ రబ్బరు మూతలు వేసి. చాక్ పరీక్షలో గీత నాలుగు వైపులా తెగలేదు. వాజలీన్ పూసి ఉంది, 53,800కి చూడాలి. తర్వాత డబ్బా తెరిచేది 58,300కి, తట్టడానికి మాత్రమే. రీడింగు 80 దాటితే కిలోమీటర్లు చూడకుండా మార్పు. కాటన్ 334 గ్రాములతో ప్లాస్టిక్ సంచిలో కట్టి అలమరలో ఉంది.